పసిపిల్లల పళ్లు: పెదవి ఎత్తి చూడడంతో మొదలుపెట్టండి

బిడ్డకు బ్రష్ కొనడానికి ముందు, ఏ పేస్టు మంచిదని మెడికల్ షాపులో అడగడానికి ముందు, ఈరోజే ఒక పని చేయండి. పగటి వెలుతురు బాగా పడే వసారాలో చాప పరుచుకొని కాళ్లు చాపి కూర్చొని, పసివాళ్లకు నీళ్లు పోసేటప్పుడు పడుకోబెట్టినట్టే బిడ్డను మీ కాళ్ల మీద వెల్లకిలా పడుకోబెట్టండి. తల మాత్రం మీ ఒడి వైపు ఉండాలి. చూపుడువేలితో పై పెదవిని మెల్లగా పైకెత్తి, ముందు పళ్లు చిగురును తాకే చోట ఏముందో చూడండి. ఆరోగ్యమైన పాలపన్ను అక్కడ కూడా మిగతా భాగంలాగే నున్నగా, పాలరంగులో మెరుస్తూ ఉంటుంది. చిగురు వెంబడి సుద్దముక్కతో గీసినట్టు మెరుపు లేని తెల్లని గీత కనిపిస్తే, దాన్ని తడిగుడ్డతో ఒకసారి తుడవండి. తుడిచినా పోకపోతే అది పాలచార కాదు, పన్ను పుచ్చడానికి తొలి గుర్తు. పంటి పైపొరలోని ఖనిజం కరుగుతోందని దాని అర్థం. ఈ దశలో పట్టుకుంటే పన్నును తవ్వకుండానే కుదుటపరచవచ్చు. గీత పసుపుపచ్చగా, ఆ తర్వాత గోధుమరంగుగా మారి గుంట పడిందంటే ఆ అవకాశం చేజారినట్టే.

మన వైపు ఈ మచ్చల దగ్గరే పెద్ద పొరపాటు జరుగుతోంది. కనిగిరి, పొదిలి, దర్శి, మర్రిపూడి ప్రాంతాల్లోనూ, నెల్లూరు జిల్లా మెట్టలో ఉదయగిరి, వరికుంటపాడు వైపునా బోరు నీళ్లలో ఫ్లోరైడు ఎక్కువని అందరికీ తెలుసు. ఇది నిన్నమొన్నటి మాట కాదు. 1937లోనే షార్ట్, పండిట్, రాఘవాచారి అనే పరిశోధకులు నెల్లూరు జిల్లాలోని ఫ్లోరోసిస్ (ఫ్లోరైడు ఎక్కువై పళ్లు, ఎముకలు దెబ్బతినే జబ్బు) గురించి ఇండియన్ మెడికల్ గెజిట్‌లో రాశారు. ప్రకాశం జిల్లా ఏర్పడింది 1970లో కాబట్టి, పొదిలి, దర్శి, కనిగిరి తాలూకాలు అప్పటికి నెల్లూరు జిల్లాలోనే ఉండేవి. ఇన్ని తరాలుగా ఫ్లోరైడు మచ్చలు పడ్డ గారపళ్లు చూసి చూసి, పిల్లల పంటి మీద ఏ మచ్చ కనిపించినా ‘మా ఊరి నీళ్లే అంత’ అని సరిపెట్టుకోవడం మనకు అలవాటైపోయింది. ఆ అలవాటు వల్ల, నీళ్లతో సంబంధం లేని పుచ్చును కూడా నీళ్ల ఖాతాలో వేసి, బాగుచేయించగలిగిన పన్నును పోగొట్టుకుంటున్నాం.

రెండింటికీ తేడా గుర్తుపట్టడం కష్టం కాదు. ఫ్లోరైడు మచ్చలు ప్రధానంగా ఆరేడేళ్ల తర్వాత వచ్చే శాశ్వత దంతాల మీద కనిపిస్తాయి. అవి కుడివైపు పంటి మీద ఎలా ఉంటాయో ఎడమవైపు జత పంటి మీదా దాదాపు అలాగే, అడ్డచారలుగానో మబ్బుతునకల్లాగానో ఉంటాయి. పుచ్చు అలా జతగా రావాలనేమీ లేదు. అది చిగురు అంచున, పంటికీ పంటికీ మధ్య సందులో, దవడపంటి మీది గీతల్లో మొదలై లోపలికి తొలుచుకుపోతుంది, తిన్నది అక్కడ ఇరుక్కుంటుంది. రెండేళ్ల బిడ్డకు పైవరుస ముందు నాలుగు పళ్లూ చిగురు దగ్గర గోధుమరంగుకు తిరిగి, కిందివరుస ముందు పళ్లు మాత్రం శుభ్రంగా ఉన్నాయంటే, అది చాలావరకు రాత్రిపూట పాలసీసా తెచ్చిన పుచ్చే. సీసా పీల్చేటప్పుడు నాలుక కింది పళ్లను కప్పి కాపాడుతుంది, పాలు పై పళ్ల చుట్టూ నిలిచిపోతాయి. ఒకే బిడ్డకు రెండు బాధలూ ఉండవచ్చు కూడా. నీళ్లలో ఫ్లోరైడు ఉన్నంత మాత్రాన పళ్లు పుచ్చవని ధైర్యపడకండి.

ఇక రెండో పని, బిడ్డ తాగే నీళ్ల సంగతి తేల్చుకోవడం. లీటరు తాగునీటిలో ఫ్లోరైడు 1 మిల్లీగ్రాముకు మించకూడదనీ, వేరే నీళ్లు దొరకని చోట 1.5 మిల్లీగ్రాముల దాకా మాత్రమే సరిపెట్టుకోవచ్చనీ భారతీయ ప్రమాణాలు చెబుతున్నాయి. గ్రామీణ నీటి సరఫరా శాఖ ప్రయోగశాలల్లో ఈ పరీక్ష చేస్తారు. శుభ్రమైన సీసాలో నీళ్లు పట్టి, ఏ బోరువో, ఏ ట్యాంకువో దాని మీద రాసి, మీ గ్రామ సచివాలయంలోని ఇంజినీరింగ్ అసిస్టెంటును అడిగితే దారి చెబుతారు. నీళ్లను మరగబెడితే సూక్ష్మజీవులు చస్తాయి గాని ఫ్లోరైడు పోదు, నీరు ఆవిరైన కొద్దీ దాని గాఢత ఇంకాస్త పెరుగుతుంది. గుడ్డతో వడకట్టినా, మామూలు క్యాండిల్ ఫిల్టరులో పోసినా పోదు. ఆర్వో యంత్రం తగ్గిస్తుంది, కానీ అందులోని పొర పాడైతే పని చేయదు కాబట్టి, మీరు క్యాను తెచ్చుకునే ప్లాంటు నీళ్లను కూడా ఒకసారి పరీక్ష చేయించండి. సాగర్ నీళ్లు వచ్చే ఊళ్లలో ఆ నీళ్లను తాగడానికే కాకుండా అన్నం, పప్పు వండడానికి కూడా వాడండి. తాగడానికి మంచినీళ్లు తెచ్చుకొని వంట మాత్రం బోరు నీళ్లతో చేసే ఇళ్లు ఎన్నో ఉన్నాయి, ఆ ఫ్లోరైడు అన్నంతో పాటు కడుపులోకే పోతుంది.

శాశ్వత దంతాల పైపొర, బిడ్డ పుట్టినప్పటి నుంచి ఎనిమిదేళ్ల వయసు దాకా, చిగురు లోపల కంటికి కనిపించకుండా తయారవుతూ ఉంటుంది, గారపళ్లకు బీజం పడేది ఆ కాలంలోనే. అందుకే ఇంట్లో అందరికీ మంచినీళ్లు సరిపోని పరిస్థితి ఉంటే, ఉన్నవాటిని ముందు పసిబిడ్డకూ ఎనిమిదేళ్ల లోపు పిల్లలకూ కేటాయించండి. తల్లి ఫ్లోరైడు నీళ్లు తాగుతున్నా తల్లిపాలలోకి అది చాలా తక్కువగానే చేరుతుంది కాబట్టి, మొదటి ఆరు నెలలూ తల్లిపాలు మాత్రమే పట్టడం పళ్లకు కూడా రక్షణే. డబ్బాపాలు తప్పనిసరైతే ఆ పొడిని బోరు నీళ్లతో మాత్రం కలపకండి. చిన్నపిల్లలకు టీ అలవాటు చేయకండి. తేయాకులోనే ఫ్లోరైడు ఉంటుంది, దానికి తోడు చక్కెర.

మూడో పని శుభ్రం చేయడం. పళ్లు రాకముందు నుంచే, పాలు తాగాక, శుభ్రమైన మెత్తని నూలుగుడ్డను కాచి చల్లార్చిన నీటిలో తడిపి వేలికి చుట్టుకొని చిగుళ్లను రోజుకొకసారి తుడవండి. చిగుళ్లకు పెద్ద మురికి పడుతుందని కాదు, నోట్లో మీ వేలు పెట్టడం బిడ్డకు అలవాటు కావాలని. మొదటి పళ్లు సాధారణంగా ఆరో నెల తర్వాత కింద ముందు భాగంలో వస్తాయి. కొందరికి ఏడాది దాటినా రాకపోవచ్చు, కొందరికి పై పళ్లే ముందు రావచ్చు. పై పళ్లు ముందొస్తే మేనమామకు గండమని బెంగపడి శాంతులు చేయించే ఇళ్లు ఇప్పటికీ ఉన్నాయి. పళ్లు వచ్చే వరుస ఒక్కో బిడ్డకు ఒక్కోలా ఉంటుంది, దానికీ మేనమామకూ ఏ సంబంధమూ లేదు. రెండున్నర, మూడేళ్లు వచ్చేసరికి మొత్తం ఇరవై పాలపళ్లు పూర్తవుతాయి.

మొదటి పన్ను చిగురు చీల్చుకొని బయటికి వచ్చిన రోజే బ్రష్ మొదలుపెట్టండి. తల చిన్నగా, కుచ్చు మెత్తగా ఉండే పసిపిల్లల బ్రష్ తీసుకోండి. మూడేళ్ల లోపు బిడ్డకు పేస్టు బియ్యపుగింజంత, మూడు నుంచి ఆరేళ్ల దాకా బఠాణీ గింజంత సరిపోతుంది. టీవీ ప్రకటనల్లో కుచ్చు పొడవునా వంపులు తిప్పుతూ పేస్టు వేసి చూపిస్తారు, అది పిల్లల మోతాదు కానే కాదు. ‘మా నీళ్లలోనే ఫ్లోరైడు ఉంటే మళ్లీ ఫ్లోరైడు పేస్టు ఎందుకు’ అని మన ప్రాంతపు తల్లులు అడిగే ప్రశ్న న్యాయమైనదే, కాబట్టి లెక్క చూద్దాం. వెయ్యి పీపీఎం అని రాసి ఉన్న పేస్టు గ్రాములో 1 మిల్లీగ్రాము ఫ్లోరైడు ఉంటుంది. బియ్యపుగింజంత పేస్టు సుమారు 0.1 గ్రాము, అంటే రెండు పూటలదీ బిడ్డ పూర్తిగా మింగేసినా లోపలికి పోయేది 0.2 మిల్లీగ్రాములు. లీటరుకు 3 మిల్లీగ్రాములున్న బోరు నీళ్లు ఒక్క లీటరు తాగితే పోయేది 3 మిల్లీగ్రాములు. అసలు ముప్పు నీళ్ల నుంచే గాని గింజంత పేస్టు నుంచి కాదు. అయినా మీ నీళ్లలో ఫ్లోరైడు పరిమితికి మించి ఉందని పరీక్షలో తేలి, బిడ్డ ఇంకా ఉమ్మడం నేర్చుకోని వయసులో ఉంటే, ఏ పేస్టు వాడాలో ఆ పరీక్ష కాగితం చూపించి దంతవైద్యుల చేత నిర్ణయం చేయించుకోండి. పేస్టు ట్యూబును మాత్రం పిల్లల చేతికి అందని ఎత్తులో పెట్టండి, తియ్యగా ఉంటుందని చప్పరించే పిల్లలు ఉంటారు.

రోజుకు రెండుసార్లు, రెండేసి నిమిషాలు తోమాలి. పొద్దున ఒక పూట తప్పినా ఫరవాలేదు గాని రాత్రి పూట తప్పకూడదని నేను గట్టిగా చెబుతాను. నిద్రలో లాలాజలం బాగా తగ్గిపోతుంది, పళ్లను కడిగేదీ, పుల్లదనాన్ని విరిచేదీ లాలాజలమే కాబట్టి, రాత్రి పళ్ల మీద మిగిలిన చక్కెరకు తెల్లవార్లూ అడ్డుండదు. బిడ్డ వెనక నిలబడి, తలను మీ పొట్టకు ఆనించుకొని, కుచ్చు చిగురునూ పంటినీ కలిపి తాకేలా చిన్నచిన్న గుండ్రాలుగా తోమండి. లోపలివైపు, దవడపళ్ల పైభాగం, అన్నిటికంటే వెనకనున్న పన్ను మరవకండి. తోమాక ఉమ్మిస్తే చాలు, చెంబుడు నీళ్లతో పుక్కిలించనక్కర్లేదు. పిల్లలు ‘నేనే తోముకుంటా’ అంటే తోముకోనివ్వండి, తర్వాత మీరు మరోసారి తోమండి. బూట్ల లేసు తానే చక్కగా కట్టుకోగలిగే వయసు, అంటే ఏడెనిమిదేళ్లు, వచ్చేదాకా ఆ చేతికి పళ్లు శుభ్రంగా తోముకునే నేర్పు రాదు. బొగ్గు, బూడిద, ఇటుకపొడి, ఉప్పు పిల్లల పళ్లకు వాడకండి, అవి పలుచని పైపొరను గీకేస్తాయి. వేపపుల్ల నమలడం పెద్దవాళ్లకు తెలిసిన విద్య, పసివాళ్ల చిగుళ్లకు అది గుచ్చుకుంటుంది.

నాలుగో పని తిండి వేళలు సరిచేయడం. పళ్ల మీద పేరుకునే పాచిలోని సూక్ష్మజీవులు చక్కెరను తిని పులుపును విడుస్తాయి, తీపి తిన్న ప్రతిసారీ సుమారు అరగంట పాటు పన్ను ఆ పులుపులో నానుతుంది. కాబట్టి ఎంత తీపి తిన్నారన్నదానికంటే ఎన్నిసార్లు తిన్నారన్నది ముఖ్యం. మధ్యాహ్నం అన్నం తిన్నాక నెల్లూరు మలై కాజా ఒకటి తిని నోరు కడుక్కున్న బిడ్డ కంటే, ఒక బిస్కెట్ ప్యాకెట్‌ను చేత్తో పట్టుకొని పొద్దుటి నుంచి సాయంత్రం దాకా కొంచెం కొంచెంగా కొరికే బిడ్డ పళ్లకే ఎక్కువ చేటు. బడిలో ఇచ్చే చిక్కీ, రాగిజావ మాన్పించకండి, అవి బిడ్డకు కావలసిన బలం. తిన్నాక నీళ్లు పోసి పుక్కిలించమని నేర్పితే సరిపోతుంది. దగ్గు మందులు, జ్వరం మందులు కూడా చాలావరకు తియ్యని పాకాలే, రాత్రి మందు పోశాక ఒక గుక్క నీళ్లు తాగించండి. ఐరన్ సిరప్ వల్ల పళ్ల మీద నల్లచార పడితే అది పుచ్చు కాదు, పైపైన పట్టిన మరకే, దాని కోసం మందు మానకండి.

పాలసీసా నోట్లో పెట్టి నిద్రపుచ్చే అలవాటు ఉంటే దాన్ని ఒక్క రాత్రిలో మాన్పించబోయి ఓడిపోకండి. పాలను ముందే పట్టి, నోరు తుడిచి, నిద్రపుచ్చేటప్పుడు సీసా కావాలని ఏడిస్తే నీళ్లు మాత్రమే పోసి ఇవ్వండి. పాలలో నీళ్లు రోజురోజుకూ కొంచెం పెంచుకుంటూ పోయినా పది రోజుల్లో దారికి వస్తారు. ఏడాది దాటాక గ్లాసు అలవాటు చేయండి. చప్పరించే పీకను తేనెలో ముంచి ఇవ్వకండి, పైగా ఏడాది లోపు బిడ్డకు తేనె నాకించడమే ప్రమాదం. అన్నం నమిలి పెట్టడం, మీరు చప్పరించి చూసిన గరిటెతోనే బిడ్డకు తినిపించడం కూడా మానాలి, పుచ్చును తెచ్చే సూక్ష్మజీవులు ఎంగిలి ద్వారానే పెద్దల నోటి నుంచి పిల్లల నోటికి చేరతాయి. ఉదయగిరి చెక్క స్పూను ఒకటి బిడ్డకే విడిగా పెట్టి, అది వేరెవరి నోటికీ తగలకుండా చూసుకునే ఒక అమ్మమ్మను నాకు తెలుసు, ఆమెను చూసి మేమూ అదే నేర్చుకున్నాం.

ఆరేళ్ల వయసు దగ్గర కొంచెం ఆగాలి, ఎందుకంటే నేను స్వయంగా దెబ్బతిన్నది అక్కడే. మా పెద్దమ్మాయికి ఆరేళ్లు నిండాక, పాలపళ్లన్నిటికీ వెనక, కింద దవడలో ఒక పెద్ద పన్ను వచ్చింది. ఏ పన్నూ ఊడలేదు కాబట్టి అది కూడా పాలపన్నే అనుకున్నాను. దాని మీది గీతలు నల్లబడ్డప్పుడు ‘ఎలాగూ ఊడిపోయేదే గదా’ అని వదిలేశాను. తొమ్మిదో ఏట ఒక రాత్రి చెంప పట్టుకొని ఏడుస్తూ లేచింది. మర్నాడు ఎక్స్‌రే తీసి చూపిస్తే, అది జీవితాంతం ఉండవలసిన మొదటి శాశ్వత దవడపన్ను అనీ, పుచ్చు నరం దాకా దిగిందనీ తెలిసింది. ఆ పన్ను నాలుగు మూలలా నాలుగు వస్తుంది, దేని స్థానంలోనూ రాదు, అందుకే తల్లిదండ్రుల కళ్లు దాన్ని దాటిపోతాయి. మీ బిడ్డకు అయిదున్నరేళ్లు దాటాక నెలకొకసారి చిట్టచివరి పాలపన్ను వెనక వేలు పెట్టి తడుముతూ ఉండండి. కొత్త పన్ను పూర్తిగా పైకి వచ్చాక, దాని మీది లోతైన గీతలను పల్చని పూతతో మూసేయమని దంతవైద్యులను అడగండి. దాన్ని సీలెంట్ అంటారు, మత్తుసూది అక్కర్లేదు, నొప్పి ఉండదు.

మధ్యలో వచ్చే చిన్నచిన్న భయాల గురించి కూడా చెప్పాలి. పళ్లు వచ్చేటప్పుడు చొంగ కారుతుంది, చిగురు ఉబ్బుతుంది, బిడ్డ చిరాకుపడుతుంది. చల్లని తడిగుడ్డ కొరకనిస్తే ఊరట. అంతేగాని ఒళ్లు కాలిపోయే జ్వరం, నీళ్ల విరేచనాలు పళ్ల వల్ల రావు. పళ్ల విరేచనాలులే అని ఊరుకుంటే బిడ్డ నీరసించి ప్రాణం మీదికి వస్తుంది. కింది ముందు పాలపళ్లు ఊడకముందే వాటి వెనక కొత్త పళ్లు రెండో వరుసగా వస్తే కంగారుపడకండి, ముందున్నవి కదులుతుంటే వాటంతట అవే ఊడి, నాలుక ఒత్తిడికి కొత్తవి ముందుకు జరుగుతాయి. అసలు కదలకపోతే చూపించండి. ఏడెనిమిదేళ్లప్పుడు పై ముందు పళ్ల మధ్య కనిపించే సందు చాలామందిలో కోరపళ్లు దిగాక మూసుకుంటుంది. రాత్రిపూట పళ్లు కొరకడం కడుపులో పురుగుల వల్లనే అనుకోవద్దు, చాలామంది పిల్లల్లో అది వయసుతో పోతుంది. వేలు చప్పరించడం నాలుగేళ్లు దాటినా మానకపోతే పై పళ్లు ముందుకు పొడుచుకొస్తాయి, కొట్టకుండా, వేపాకు రసం రాయకుండా బుజ్జగించి మాన్పించండి.

పుచ్చిన పాలపన్ను ఎలాగూ ఊడుతుందిగదా, ఖర్చెందుకు అనే మాట ఇంట్లో పెద్దల నుంచి తప్పకుండా వస్తుంది. వెనక పాలపళ్లు పదకొండు, పన్నెండేళ్ల దాకా ఉండవలసినవి. అవి తొందరగా పోతే పక్కపళ్లు ఆ ఖాళీలోకి ఒరిగి, రావలసిన పన్నుకు చోటు లేకుండా చేస్తాయి. వేరు దగ్గర చీము పడితే కింద తయారవుతున్న శాశ్వత దంతం కూడా దెబ్బతింటుంది. అందుకే వైద్యులు గుంటను బట్టి సిమెంటు నింపుతారు, నరం దాకా పోతే పాలపంటికి కూడా నరం శుభ్రం చేసి స్టీలు క్యాపు వేస్తారు, తీసేయక తప్పకపోతే ఖాళీని నిలిపే చిన్న తీగ అమరుస్తారు. కుర్చీలో కూర్చోలేని పసివాళ్లకు పుచ్చును ఆపే వెండి మందు ఒకటి పూస్తారు, పూసిన చోట నల్లబడుతుందని ముందే తెలుసుకొని ఒప్పుకోండి. గారపళ్లకు ఇంట్లో గీకడం మందు కాదు. శాశ్వత దంతాలు పూర్తిగా వచ్చాక మచ్చలను తగ్గించే పద్ధతులున్నాయి, అప్పటిదాకా ఆ బిడ్డను నవ్వొద్దని, నోరు మూసుకొని ఫొటో దిగమని మాత్రం అనకండి.

మొదటి పుట్టినరోజులోపు ఒకసారి, ఆ తర్వాత ఆరు నెలలకొకసారి చూపించడం పద్ధతి. 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద అంగన్‌వాడీలకు ఏడాదికి రెండుసార్లు, ప్రభుత్వ బడులకు ఒకసారి వైద్య బృందం రావాలి, వాళ్లు చూసే వాటిలో పళ్లు కూడా ఉన్నాయి. ఆ రోజు బిడ్డను తప్పకుండా పంపి, చీటీ ఏదైనా రాసిస్తే దాన్ని పట్టుకొని పెద్దాసుపత్రికి వెళ్లండి. ఒంగోలు, నెల్లూరు ప్రభుత్వ సర్వజన ఆసుపత్రుల్లో దంత విభాగం ఉంటుంది, నెల్లూరులోని దంత వైద్య కళాశాలలో పిల్లల పళ్లకే ప్రత్యేక విభాగం ఉంటుంది. పంటి పురుగు తీస్తామని పొగ పట్టించేవాళ్ల దగ్గరికి మాత్రం తీసుకుపోకండి, పంటిలో పురుగు ఉండదు.

ఆలస్యం చేయకూడని సందర్భాలు రెండు. ఒకటి, పంటినొప్పితో పాటు చెంపో దవడ కిందో వాచి, జ్వరం వచ్చి, నోరు తెరవడం, మింగడం కష్టమైతే వెంటనే ఆసుపత్రికి బయలుదేరాలి. చిగురు మీద లవంగనూనె గాని, నలిపిన మాత్ర గాని పెట్టకండి, లేత చిగురు కాలుతుంది. పిల్లలకు ఆస్పిరిన్ ఇవ్వకూడదు. రెండోది, దెబ్బ తగిలి పన్ను ఊడిపడడం. ఊడింది పాలపన్నయితే తిరిగి పెట్టబోకండి, కింది పన్నుకు దెబ్బ. ఏడేళ్లు దాటిన బిడ్డకు ముందు శాశ్వత దంతం ఊడితే దాన్ని వేరు పట్టుకోకుండా తెల్లని భాగంతో పైకెత్తి, మట్టి ఉంటే పాలతోనో మంచినీళ్లతోనో కొన్ని క్షణాలు మాత్రమే కడిగి, రుద్దకుండా, అదే గుంటలో అదే దిశలో పెట్టి, శుభ్రమైన గుడ్డను మెత్తగా కొరికి పట్టుకోమనండి. పెట్టలేకపోతే దగ్గర్లోని కొట్లో చల్లని పాలప్యాకెట్ కొని, గ్లాసులో పోసి, పన్నును అందులో వేసి అరగంటలో, ఎంత ఆలస్యమైనా గంటలోపు దంతవైద్యుల దగ్గర ఉండేలా బయలుదేరండి. నీళ్లలో వేస్తే, కాగితంలో చుట్టి జేబులో వేసుకుంటే వేరు చుట్టూ ఉన్న జీవకణాలు చచ్చిపోయి పన్ను మళ్లీ అతుక్కోదు.